రెండో పరుపు

డోంబివలీలో మా బిల్డింగు మూడో అంతస్తులో సులభా గురవ్, హేమా కడూ చాలా ఏళ్ళుగా కలిసి ఉంటున్నారు. సులభ షూటింగుల్లో నటీమణులకు జడలు, కొప్పులు వేస్తుంది. హేమ కళ్యాణ్ డిపోలో బస్సు కండక్టరు. అక్కచెల్లెళ్ళ పిల్లలమని చెప్పుకున్నారు. మేం నమ్మాం.

వాళ్ళ తలుపు కొడితే మాత్రం వెంటనే తెరుచుకునేది కాదు. కింది అంతస్తులో ఉండే పెడ్నేకర్ ఇల్లాలిని అందరం కాకూ, అంటే పిన్నీ, అని పిలుస్తాం. ఆమె ఎప్పుడూ ఏడిపించేది: "మీ తలుపుకు సిగ్గెక్కువే సులభా! ముస్తాబైతేగానీ బయటికి రాదు."

పోయినేడు సులభ ఒక వెబ్ సిరీస్‌కు పనిచేసింది. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ. దాన్ని రాస్తున్న తన్వీ అనే అమ్మాయి సులభను అక్క వరస కలిపి తాయీ అని పిలుస్తూ టీ వేళ పక్కన చేరేది. "తాయీ, ఇలాంటివాళ్ళు నిజంగా ఎలా బతుకుతారో నాకు తెలియడం లేదు" అంది ఒకరోజు. అన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది సులభ ఆమెకు చెప్పేసింది. చెబుతుంటే ప్రాణం తేలికపడిందట. తాను చెప్పినట్టు హేమకు మాత్రం తెలియనివ్వలేదు.

సిరీస్ వచ్చింది. "మన సులభ పేరు టీవీలో పడుతుంది, అందరూ రండి!" అని కాకూ ఆదివారం మధ్యాహ్నం బిల్డింగంతటినీ తన ఇంటికి పిలిచింది. సులభ తలనొప్పి అంటే వినలేదు. హేమ డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి, సగ్గుబియ్యం వడ అందుకుని ముందు కూర్చుంది. సులభ గుమ్మం దగ్గరే నిలబడింది.

మొదట్లో అందరూ నవ్వుతూనే చూశారు. తెర మీద ఆ ఇద్దరూ చేతులు పట్టుకోగానే కాకూ మరిది వసంతరావు గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ డబ్బున్నోళ్ళ వేషాలు. మన ఇళ్ళల్లో ఉంటాయా ఇలాంటివి?"

అంతలో తెర మీద ఎవరో తలుపు కొట్టారు. ఆ ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. ఒకామె మంచం కింది నుంచి రెండో పరుపు లాగి గోడవారగా పరిచింది. ఎవరో పడుకుని లేచినట్టు దిండు మధ్యలో మోచేత్తో గుంట చేసింది. రెండో ఆమె "వస్తున్నా, వస్తున్నా" అని కేకేస్తూ నిలబడింది. అంతా అయ్యాకే తలుపు తీసింది.

కాకూ టీ పోస్తున్నదల్లా ఆగిపోయింది. సులభ వైపు ఒక్కరూ చూడలేదు.

వసంతరావు మెల్లగా అన్నాడు. "ఇదేదో మన మూడో అంతస్తు తలుపులా ఉందే."

"ఆపెయ్యండి కాకూ" అంది సులభ.

"ఉండనీ" అంది హేమ, తల తిప్పకుండా. "ఏమవుతుందో చూద్దాం."

తెర మీద ఇరుగుపొరుగుకు తెలిసిపోయింది. తిట్లు మొదలయ్యాయి. కిటికీ అద్దం పగిలింది. చివరికి ఒకామె రైలు పట్టాల మీదికి నడిచింది.

హేమ లేచింది. "చంపేశారా!" అని సులభ వైపు తిరిగింది. "ఇది కూడా నువ్వే చెప్పావా?"

"లేదు హేమా, నీ మీద ఒట్టు. చావు నేను చెప్పలేదు."

ఆ మాట బయటపడ్డాకే సులభకు తెలిసింది, మిగిలినదంతా ఒప్పుకున్నట్టయిందని.

"అంటే..." అన్నాడు వసంతరావు.

"నోరుముయ్యి" అంది కాకూ.

"అననీ కాకూ. అవును, మేం అక్కచెల్లెళ్ళం కాము. చాలా?" అని హేమ చెయ్యి తుడుచుకుని మెట్లెక్కింది.

పైన సులభతో ఒక్క మాటే అందట: "నన్నడక్కుండా నా టికెట్టు కొట్టేశావు." మర్నాడు కర్జత్‌లో తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

సులభ తన్వీకి ఫోన్ చేసింది. "ఎందుకు చంపావమ్మా?"

అవతల ఏడుపు. "నేను బతికించే రాశాను తాయీ. చస్తేనే జనం జాలిపడతారని పైవాళ్ళు మార్పించారు."

"ఆ జాలి వాళ్ళనే ఉంచుకోమను" అని పెట్టేసింది సులభ.

సులభ, హేమలచేత ఇల్లు ఖాళీ చేయించాలని వసంతరావు బిల్డింగు మీటింగు పెట్టించాడు. నేనూ వెళ్ళాను. సులభ ఒక్కతే వచ్చి మూలన కూర్చుంది. పరువు పోతుందని ఒకరు, పిల్లలు చెడిపోతారని ఒకరు అన్నారు. చివరికి కాకూ లేచింది. "సరే, పంపండి. ముందు నా మరిది సామాను వీధిలో పడేస్తా. పదేళ్ళ నుంచి ఊరికే తిని కూర్చున్నాడు, పరువు గురించి వాడా చెప్పేది!" కొందరు నవ్వారు, మీటింగు చెదిరిపోయింది. అయినా రెండిళ్ళ వాళ్ళు సులభతో మాట్లాడడం మానేశారు. ఈనాటికీ మాట్లాడరు.

హేమ వానలు తగ్గాక తిరిగొచ్చింది. సులభ బొంబిల్ చేపలు వేయించి పెట్టింది. హేమ రెండు ముద్దలు తిని, "ఉప్పు ఎక్కువేశావు" అంది. అన్నాళ్ళూ బిల్డింగంతటి ముందూ తడారిన కళ్ళతో తిరిగిన సులభ, ఆ మాటకు ఏడ్చింది.