స్లాబులో కలిసిన బెల్లం

మొన్న ఆదివారం మా మనవరాలు ఇక కెమిస్ట్రీ జోలికి వెళ్లనని ప్రకటించింది. దానికి ఆర్కిటెక్టు కావాలని పట్టుదల. "ఇళ్లు గీసేదానికి ఈ ఆమ్లాలూ క్షారాలూ ఎందుకు మామ్మా? లెక్కలొస్తే చాలదా?" అంది. లెక్కల గొప్ప నాకెవరూ చెప్పక్కర్లేదు. పాలవాడి లెక్క మొదలు తద్దినాల తిథుల దాకా ఈ ఇంట్లో అన్నీ నా నోటి మీదే నడుస్తాయి. అయినా లెక్క ఒక్కటీ సరిపోతే ఇల్లు నిలవదని నేను కాపురానికొచ్చిన ఏడే కళ్లారా చూశాను.

మా మామగారిది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. దిమ్మను వేలితో మీటి అది ఏ ఊరి పెనంలో దిగిందో చెప్పేవారు. ఆ వేలితోనే లోకంలో దేన్నైనా తేల్చేయవచ్చని ఆయన నమ్మకం. కొత్తింటి ప్లాను కూడా కేలండరు వెనక ఆయనే గీశారు. సరిగ్గా అప్పుడే ఇంటర్ ముగించిన మా ఆడపడుచు, విశాఖపట్నం వెళ్లి ఇళ్లు కట్టే చదువు చదువుతానని పట్టుబట్టింది. "ఇల్లు కట్టడానికి సదువేటే? మా నాన్న సదివేడా? ఆయన కట్టిన గోడ సూడు, మేకు దిగదు" అనేవారు మామగారు. కాలేజీలో చేరే గడువు దగ్గరపడుతోంది. అది దాటితే పెళ్లి సంబంధాలు మొదలవుతాయని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్ల అన్నం మధ్యలోనే లేచిపోయేది.

స్లాబు వేసింది గురువారం. మావారు చివరిదాకా శుక్రవారమనే అనేవారు, తప్పు. శుక్రవారం నేను తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ చూసింది చీమల్ని. సెంట్రింగు కర్రల మీదుగా పెళ్లివారిలా బారులు తీరి స్లాబు మీదికి పోతున్నాయి. మా అత్తగారు నిచ్చెనెక్కి బొటనవేలితో నొక్కితే వేలు దిగబడింది. శనివారమూ దిగబడింది. ఆదివారానికి బెల్లం బజారంతా మా గుమ్మంలో ఉంది. "ఏటి బావా, పాకం ముదరలేదా?" అని ఒకాయన, "కింద సెరకు పిప్పి మంటెట్టు మామా, ఉండ కడతాది" అని ఇంకొకాయన. మామగారు సిమెంటు కంపెనీని తిట్టి, మేస్త్రిని తిట్టి, ఆఖరికి దిష్టి తగిలిందని గుమ్మడికాయ తెప్పించారు.

మా ఆడపడుచు మాత్రం కాంక్రీటు కలపడానికి వాడిన నీళ్ల డ్రమ్ములో వేలు ముంచి నాకింది. "నాన్నా, ఇందులో బెల్లం కలిపేవా?"

"రెండు దిమ్మలు. మీ తాత సున్నంలో కలపలేదా? అందుకే గదా ఆ గోడ ఉక్కులాగున్నాది!"

"అది సున్నం నాన్నా. గాలి పీల్చుకుని నెమ్మదిగా రాయవుతాది, దానికి బెల్లం మంచిదే. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడతాది. తీపి దాన్ని గట్టిపడనివ్వదు."

"మరి ముందే సెప్పలేదేటే?"

"నువ్వడిగేవేటి?"

"ఇదంతా ఏ సదువులో ఉన్నాది?"

"కెమిస్ట్రీ."

ఆ స్లాబును పగలగొట్టే పని పడలేదు, పారలతోనే ఎత్తిపోశారు. మామగారు ఎదురుగా నిలబడి ఆఖరి పార దాకా చూశారు. భోజనాల దగ్గర, కూతురు ఎదురుగా ఉన్నా, నాతో అన్నారు: "అమ్మాయ్, దాని బట్టలు సర్దు. రేపు విశాఖపట్నం తీసుకెళ్తాను. బెల్లం కలపొద్దని సెప్పడానికైనా ఇంట్లో ఒకర్తుండాలి." మా అత్తగారు గుమ్మడికాయను పులుసు పెట్టేశారు.

ఇదంతా విని మనవరాలు, "ఇంతకీ ఆ చీమలేమయ్యాయి మామ్మా?" అని అడిగింది. అది నాకూ తెలియదు. తర్వాత చాలా ఇళ్లు కట్టిన మా ఆడపడుచు చెబుతుంది, వాళ్ల తాత గోడలోని సున్నం ఇప్పటికీ గాలి పీలుస్తూ రాయి అవుతూనే ఉందట. గట్టిపడటానికి దానికి తరాల వ్యవధి దొరికింది. మెత్తబడటానికి మా మామగారికి దొరికింది ఆ ఒక్క ఆదివారమే.