గంజి పెట్టే స్త్రీ కోసం దమ్మామ్ రైలు

సౌదీలో విదేశీ కుటుంబాలు తలకింత కట్టే లెవీ పెంచిన ఏడాది రియాద్‌లోని మా మలాజ్ వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మా వంతు వచ్చినప్పుడు మావారు మెల్లగానే చెప్పారు: "నెలాఖరుకి నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇండియా పంపించేస్తాను సుజాతా. ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావు." నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీద కూడా పనిచేయడానికి అనుమతి లేదనే ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆయన చొక్కాలకు గంజి పెట్టేది ఎవరో కార్డుకు తెలియకపోవచ్చు, ఆయనకు తెలియాలి. వెళ్ళేలోపు ఏమైనా కావాలా అని అడిగితే, ఖోబర్‌లో పాత జపాన్ బొమ్మల ప్రదర్శన ఒక్కదాన్నే చూసొస్తానన్నాను. చెక్క మీద చెక్కి, రంగులద్ది, కాగితం మీద అచ్చువేసిన బొమ్మలవి. ప్రకటనలో ఒకామె తడిబట్టకు గంజి పట్టించి పలక మీద పరుస్తోంది.

శనివారం ఉదయం ఎనిమిదికి రియాద్ స్టేషన్‌లో రైలెక్కాను. మలాజ్ నుంచి స్టేషన్ పది నిమిషాలే. రెండో తరగతి టికెట్ అరవై రియాల్స్ చిల్లర. హుఫూఫ్ దాకా ఇసుక, అక్కడ కాసేపు ఖర్జూర తోటలు, మళ్ళీ ఇసుక. పన్నెండున్నరకు దమ్మామ్‌లో దిగి ఖోబర్‌కు యాభై రియాల్స్‌కు టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవర్ శంకర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. ఏం చూడ్డానికి వచ్చానో చెబితే నవ్వాడు.

"నేను అజీజియాల ఏడేండ్లు లాండ్రీల చేసిన అక్కా. సౌదోళ్ళకే కొలువులియ్యాలన్న నితాఖత్ల అది బందైంది. గంజి బొమ్మ కోసం రైలెక్కినోళ్ళల్ల నిన్నే మొదలు సూస్తున్న."

"లోపలికి టికెట్ లేదు తమ్ముడూ, నువ్వూ రా."

అతనూ వచ్చాడు. గది గోడల నిండా బొమ్మల్లో వంటలు, వడ్లు దంచడాలు, పిల్లల తలదువ్వడాలు. గంజి బొమ్మ దగ్గర గైడుగా ఉన్న సౌదీ అమ్మాయి ఇంగ్లిష్‌లో, "తీరిక వేళ గడుపుతున్న స్త్రీలు" అంది. బొమ్మ పక్కన అట్ట మీదా అదే రాసి ఉంది.

"ఆ చేతులు సూడు అక్కా," అన్నాడు శంకర్. "గంజి ఆరకముందే గుంజాలె. లేకుంటే ముడుత అట్లనే ఉండిపోతది. ఆమెకు తీరికేడిది?"

ఆ మాటే గైడుకు చెప్పాను. అప్పట్లో జపాన్‌లో దుస్తుల కుట్లన్నీ విప్పి, ఉతికి, గంజి పట్టించి, ఆరాక మళ్ళీ కుడతారనీ, అది రోజంతా పట్టే పని అనీ, రైల్లో ఫోన్‌లో చదివిందంతా ఇంకాస్త గట్టిగానే చెప్పాను. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు, చూడనీ. ఆ అమ్మాయి బొమ్మకు దగ్గరగా వంగి చూసి, తన కాగితంలో 'తీరిక' కొట్టేసి 'పని' అని రాసుకుంది.

ఐదింటికి తిరుగు రైల్లో మావారికి ఫోన్ చేశాను. "నేను వెళ్ళడం లేదు. కారు అమ్మేసి నా లెవీ కట్టండి."

"మరి ఆఫీసుకి?"

"కంపెనీ బస్సు మన సందు చివరే ఆగుతుంది."

"ఎన్నింటికి దిగుతావు? అమ్మేలోపు ఒకసారి స్టేషన్‌కు కారు తీసుకొస్తాను," అన్నారు.

ఆ బొమ్మలోని ఆమె పేరు ఎవరూ రాయలేదు. చేతులు మాత్రం సరిగ్గా చెక్కారు. నేను ఖాళీగా ఉన్నానని ఇకపై ఎవరన్నా ఊరుకోను, అది కార్డు అయినా సరే.

వెళ్ళాలనుకునే వారికి ఒక్క మాట. శనివారం సాయంత్రం రైలు నిండిపోతుంది కాబట్టి తిరుగు టికెట్ ముందే తీసుకోండి. ఫైనల్ ఎగ్జిట్‌కు ఒకవైపు టికెట్టే ఇస్తారు. నేను రానూపోనూ రెండూ తీసుకునే బయల్దేరాను.