రెడ్డెమ్మత్త బండిలో ఆరు మూలల గదులు

నా ఇంజనీరింగు చదువు ఒక పొద్దున రెడ్డెమ్మత్త టమాటాల మీద ఎలా విరుచుకుపడిందో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వనిది నేనొక్కడినే.

అప్పుడు కుప్పంలో ఆఖరేడు చదువుతున్నాను. నా ప్రాజెక్టు, బండి పొగగొట్టానికి ఉండే కాటలిటిక్ కన్వర్టర్ మీద. పెద్ద పేరే గానీ అదొక రేకు డబ్బా. లోపల పింగాణీ దిమ్మ, దాన్నిండా తేనెపట్టులా సన్నటి గదులు. ఇంజను పొగ ఆ గదుల్లోంచి పోతూ, గోడల పూత తగిలి విషం తగ్గించుకుంటుంది. గదులు నలుచదరమైతే పూత మూలల్లో పేరుకుంటుంది, పొగ అక్కడ బద్ధకంగా కదులుతుంది. ఆరు మూలలవైతే పూత సమంగా పరుచుకుని, పొగ సాఫీగా సాగిపోతుంది. ఈ నాలుగు ముక్కలు తెలిసేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సెలవులకు చౌడేపల్లెలో మా మేనత్త రెడ్డెమ్మ ఇంటికి వెళ్లాను. అత్త టమాటా వేస్తుంది, పట్టుపురుగులు పెంచుతుంది, చిన్న వ్యాను తనే నడుపుతుంది. ఆ రోజు తొలి కోత. కాయను క్రేట్లకెత్తి నేనూ అత్తా బండిలో బయల్దేరాం. మదనపల్లె మార్కెట్టులో వేలం ముగిసేలోగా చేరకపోతే, ఎండకు మెత్తబడిన కాయను అడిగే దిక్కుండదు. రెండు నెలలుగా పట్టుపురుగుల షెడ్డు పక్కన ఊరికే నిలబడిన బండి, పుంగనూరు చేరేసరికి నల్లటి పొగ కక్కుతూ ముసలి ఎద్దులా ఆయాసపడింది.

అక్కడి మెకానిక్ గంగప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు ఏర్ ఫిల్టరు సూస్తామప్పా. గాలి అందడం లేదేమో," అన్నాడు.

అక్కర్లేదన్నాను. గాలి లోపలికి రావడం కాదు, బయటికి పోవడమే సమస్యని, నలుచదరం గదులు పూడుకుపోయాయని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. గంగప్ప అత్త వైపు చూశాడు.

"పిల్లోడు ఇదే సదవతాండాడు గంగప్పా. ఆయప్ప సెప్పినట్టే సెయ్యి," అంది అత్త.

నన్ను అంతగా నమ్మిన మనిషి అప్పటికీ ఇప్పటికీ ఇంకొకరు లేరు.

డబ్బా చల్లారడానికే గంట పట్టింది. తుప్పుపట్టిన బోల్టులు ఊడడానికి ఇంకో అరగంట. తీరా ఒక చివర కన్ను పెట్టి చూస్తే గదుల్లోంచి ఆకాశం నిక్షేపంగా కనిపించింది. ఎక్కడా పూడలేదు. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను మాత్రం మూలల్లో పూత కాస్త గీకితే పొగ ఇంకా బాగా పోతుందని స్క్రూడ్రైవరుతో పొడిచాను. దిమ్మ టప్పున మూడు ముక్కలైంది.

"ఇంగ ఫిల్టరు సూడొచ్చునా అప్పా?" అని గంగప్ప ఎంతో మర్యాదగా అడిగాడు.

ఫిల్టరు మూత తీస్తే, గాలి పీల్చే గొట్టం నోటికి అడ్డంగా కందిరీగల పట్టు. పురుగులు చస్తాయని పట్టుపురుగుల షెడ్డు దగ్గర ఎవరూ మందు కొట్టరు, దోమల చుట్ట కూడా వెలిగించరు. ఆ సంగతి కందిరీగలకు నాకంటే బాగా తెలుసు. గంగప్ప ఆ పట్టును ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.

"నువ్వడిగిన ఆరు మూలల గదులు ఈడ ఉండాయప్పా."

నాకు ఏడుపొచ్చింది. దిమ్మ పగిలిన మా బండి ఆ పూటకు కదిలేది కాదని, గంగప్ప ఇంకో బండి పిలిపించాడు. చుట్టుపక్కల అంగళ్లవాళ్లు అడక్కుండానే వచ్చి క్రేట్లు మార్చారు. ఆఖరి కుప్ప వేలం పాడుతుండగా చేరాం. అత్త కాయ అందరికంటే చివర పోయింది గానీ, పోయింది. ఊపిరి పీల్చుకున్నాను.

"మీ నాయనకు నేనేమీ సెప్పన్లే," అంది అత్త. "పరీచ్చలో మాత్రం స్క్రూడ్రైవరు సంగతి రాయాకు."

రాయలేదు. ఇప్పుడు బండ్ల పొగ పరీక్షించడమే నా ఉద్యోగం. ఆ ఇద్దరూ ఆ రోజు నాలుగు తిట్టి ఉంటే ఈ చదువు జోలికే పోయేవాడిని కాదు. వాళ్లకు ఎంత రుణపడి ఉన్నానో నాకే తెలుసు. ఆ కందిరీగల పట్టు నా బల్ల మీద గాజు సీసాలో ఉంది. మొన్న దాని మీద చెయ్యి వేసి, మెకానిక్ ముందు చూద్దామన్నది ముందే చూడనిస్తానని, పగలని దిమ్మను ప్రాణం పోయినా పొడవనని ప్రమాణం చేశాను. అత్తకు ఫోన్ చేసి వినిపించాను కూడా.

అత్త ఓపిగ్గా అంతా విని, "మంచిదప్పా. బండి మళ్లా లాగడం లేదు. దాన్ని ముట్టుకోవద్దని గంగప్పకు సెప్పినా. నువ్వొచ్చి సూడు," అంది.