కిటికీ బయట ఏడో అధ్యక్షుడు

నా చిన్నప్పుడు, కరోనా రోజుల్లో, మేం ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌లో ఉండేవాళ్లం. పక్కింటి ఆంటీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమెకే జబ్బు సోకి వార్డులో చేరడంతో, ఆమె కూతురు మా ఇంట్లో ఉంది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పన్నెండు. వచ్చిన రోజు నుంచీ అమ్మ మొదటి దోసె అక్క కంచంలోనే వేసేది. "అక్కను చూసి నేర్చుకోరా" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది.

బడి కంప్యూటర్ తెరమీదే జరిగేది. ఐరిష్ మూలాలున్న ఎవరి జీవితమైనా చెప్పమన్నారు. అమెరికా ఏడో అధ్యక్షుడి తల్లిదండ్రులు ఈ దీవి నుంచి వలసపోయినవాళ్లే. ఆయన్ని ముందు ఎంచుకున్నది నేను. లాయరు, సేనాని, రెండుసార్లు అధ్యక్షుడు అంటూ యుద్ధాలతో సహా బట్టీపట్టాను. తర్వాత అక్కా ఆయన గురించే రాసింది. పుట్టకముందే తండ్రి పోవడం, యుద్ధఖైదీలకు సేవ చేయబోయి తల్లి జబ్బుపడి చనిపోతే పద్నాలుగేళ్లకే అనాథ కావడం, అంత కష్టపడ్డవాడే పెద్దయ్యాక వేలమంది మూలవాసులను వాళ్ల నేల నుంచి వెళ్లగొట్టడం, అన్నీ రాసింది. బడంతటికీ వినిపించడానికి అక్కనే ఎంచుకున్నారు. ఆంటీ కూడా మంచం మీద నుంచి ఫోన్లో చూస్తుందన్నారు.

అక్క మొదలుపెట్టగానే నేను మెట్ల కింద రౌటర్ వైరు పీకేశాను. "నెట్ పోయింది!" అని అందరికంటే ముందు అరిచిందీ నేనే. అక్క ఏడవలేదు. "ఐయామ్ గ్రాండ్, అంకుల్" అని, నాకేం ఫర్లేదన్న అర్థంలో అక్కడివాళ్లలాగే నాన్నతో అని గదిలోకి వెళ్లిపోయింది. నాన్న మెట్ల కిందికి వెళ్లొచ్చి నావైపు ఒకసారి చూశాడు, అంతే.

మర్నాడు మా ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. లోపలికి రానివ్వని రోజులవి, కిటికీ బయట నిలబడే పలకరించుకునేవారు. అక్క అధ్యక్షుడి బొమ్మ అతికించుకున్న అట్ట నా చేతికిచ్చి, "పైకెత్తరా, ఆంటీకి కనబడాలి" అన్నాడు.

అద్దం వెనక నుంచి ఆంటీ ఫోన్లో ఆయాసపడుతూనే నవ్వింది. "ఆ జుట్టేంటే అట్లా లేచిపోయింది? నూనె రాసే అమ్మ లేదా ఆయనకి?"

అక్క తను రాసుకొచ్చిన కాగితం మడిచేసింది. "బిజీ, మమ్మీ. ఆల్వేస్ ఫైటింగ్" అంది. ఆ తల్లి చావు ఊసే లేకుండా కథంతా చివరిదాకా నవ్వుతూ చెప్పింది.

అక్క ఎంత భయపడుతోందో నాకప్పుడు తెలిసింది. అన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి నేను ఆమె కంచమే చూశాను. చేతులు లాగుతున్నా అట్ట దించలేదు.

ఆంటీ కోలుకుని ఇంటికొచ్చింది. నలభై ఏళ్లు గడిచి ఇప్పుడు నాకూ తల నెరిసింది. నా ముందు ఎవరినైనా పొగిడితే ఇప్పటికీ కడుపులో మంట లేస్తుంది. వాళ్ల ఇంటి సంగతులు అడిగి తెలుసుకునేదాకా వాళ్లనేమీ అనను. నాన్న నా తప్పు ఎవరికీ చెప్పలేదు, చెప్పడం నాకే వదిలేశాడు. ఆయన అప్పగించిన పనుల్లో మిగిలింది అదొక్కటే.

అక్కా, ఆ రోజు నెట్ పోలేదు.