అమావాస్య నాడు దొర మోసిన పైపులు

ఈ రోజు అమావాస్య. మా చెన్నేకొత్తపల్లి పక్కన అమావాస్య నాడు కూలోళ్లెవరూ పనిముట్టు పట్టరు. కరువుకు బోర్లు వేయించేదానికి వచ్చిన జర్మనీ దొరకి ఆ మాట మా మేస్త్రీ పొద్దున్నే చెప్పినాడు. బెంగుళూరు నుంచి వచ్చిన దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పినాడు. దొర తిడతాడనుకున్నా. ఆయన నవ్వి, "సరే, కూర్చోండి. కూలి కోయను" అన్నాడంట.

నాకు అక్కడే కాలింది.

"ఏమప్పా మేస్త్రీ, ఇంత మంచోడు యాడన్నా ఉంటాడా? దీంట్లో ఏందో ఉండాది" అన్నాను.

"నీకి అన్నం పెట్టినా అనుమానమే. ఊరికే కూచో అబ్బా" అన్నాడు.

కూచున్నాం. దొర చొక్కా విప్పి, బోరు పైపులు ఒక్కొక్కటే భుజాన వేసుకుని ఎండలో మోయడం మొదలుపెట్టినాడు. మమ్మల్ని పిలవలేదు, మా వైపు చూడనూ లేదు. ఖాళీ బిందెలతో వచ్చిన ఆడోళ్లు మాత్రం చూసినారు. అందులో ఒక అవ్వ మమ్మల్ని నిలదీసింది.

"పరదేశపోడు మా నీళ్లకోసం ఒగడే మోస్తాండాడు. మీరు ఈడ కూచోని బీడీలు తాగుతాండారా?"

ముందు మేస్త్రీ లేచి పైపు రెండో కొస పట్టుకున్నాడు. తర్వాత అందరూ లేచినారు. ఆఖరికి నేనూ లేచినా. పొద్దుగూకేదాకా మోసినాం.

మేస్త్రీ తిట్టి చేయించింటే ఎదురు తిరిగేటోణ్ణి. ఈ దొర ఒక్క మాట అనకుండానే మా సెలవు లాక్కున్నాడు. అది మంచితనమో, వాళ్ల దేశంలో నేర్పే ఎత్తో నాకు తేలడం లేదు. తిట్టనోడి మీద తిరగబడేది ఎట్లనో, తెలిసినోళ్లు ఉంటే చెప్పండప్పా.