అడుగు అన్న మాట

ఆ సంగతి జరిగింది జూన్ నెల రెండో ఆదివారం, పగలు పన్నెండుంబావుకు. హాల్లో గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఏళ్ళు గడిచినా ఆ ముళ్ళు నాకు అక్కడే ఆగి కనిపిస్తాయి.

ఈ వేళ పొద్దున మా మనవరాలు హన్నా ఇంటి ముందు కాంక్రీటు మీద రంగు సుద్దలతో ఏవో బొమ్మలు గీసి లోపలికి పోయింది. ఈ పరదేశంలో మేముండే క్లైడ్ నార్త్‌లో వాన చెప్పి రాదు. నాలుగు చినుకులు పడి బొమ్మలన్నీ కలిసిపోయాయి. తడిసిన సుద్ద వాసన ముక్కుకు తగిలేసరికి రూతమ్మ టీచర్ వచ్చి పక్కన నిలబడినట్టయింది. నల్లబల్లను తడిగుడ్డతో తుడవటం ఆవిడ అలవాటు. పొడిగుడ్డతో తుడిస్తే అక్షరం చావదు, దయ్యమై మిగులుతుంది అనేవారు.

నేను తాపీ మేస్త్రీని. రేపల్లె చుట్టుపక్కల నేను కట్టిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. గోడ వంకరగా ఉంటే రోడ్డు మీద నుంచే చెప్పేవాణ్ణి, దాని మీద ఏం రాసి ఉందో మాత్రం ఎవరో చదివి చెప్పాల్సిందే. అరవై దాటాక మా అమ్మాయి సునీత నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు తను. ఆదివారం ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘానికి తీసుకుపోయేది. సంఘమంటే పెద్ద గుడేం కాదు, కేరమ్ డౌన్స్ పోయే దారిలో అందరూ కలిసి కొన్న ఒక పాత హాలు, వెనక ఒక చిన్న గది.

బాపట్లలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరై కొడుకు దగ్గరకు వచ్చిన మనిషి రూతమ్మ టీచర్. ఒకసారి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నాకు పాటలన్నీ నోటికి వచ్చు. అయినా మర్యాదకు పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ణి. ఆరాధన అయ్యాక మెల్లగా అడిగారు.

"మేస్త్రీగారూ, ఈ పాట నా పుస్తకంలో మొదట్లో ఉంది. మీ పుస్తకంలో చివర్లో ఉన్నట్టుందే?"

"నాది వేరే అచ్చు టీచరమ్మా" అన్నాను.

"అట్నా! ఏదీ, ఒక ముక్క చదవండి, నేనూ వింటాను."

ఇక దాచటం నా వల్ల కాలేదు. "నాకు చదువు రాదు" అన్నాను.

"శనివారం పదింటికి ఈ హాల్లోనే పిల్లల క్లాసు. వచ్చి కూర్చోండి."

"ఈ వయసులో నేను చదువుకుని ఏం చెయ్యాల? సమాధి రాయి మీద నా పేరు చదువుకోవాల్నా?"

"చదువుకోవటానికి కాదయ్యా. తప్పు చెక్కితే లేచి దిద్దుకోవటానికి!" అన్నారు. మా సునీత టీ ఒలకబోసుకునేంతగా నవ్వింది. వెళ్ళక తప్పలేదు.

చిన్న పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కూర్చుని నేను అక్షరాలు దిద్దాను. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నాకు ఇంగ్లీషు రాదు. వాళ్ళకు నాకు మధ్య టీచర్ ఒక్కరే వంతెన. ఒక శనివారం నల్లబల్ల మీద ఒక మాట రాసి నన్ను చదవమన్నారు. కూడబలుక్కుని "అ… డు… గు" అన్నాను. అర్థం చెప్పమన్నారు. ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉందా నాకు? "పన్నెండంగుళాలు" అన్నాను. వెనక నుంచి ఒక పిల్ల "నో, టీచర్! ఇట్ మీన్స్ ఆస్క్!" అని అరిచింది. ఇంకో పిల్లాడు లేచి నిలబడి ఒక కాలు ముందుకు వేసి చూపించాడు.

టీచర్ సుద్దముక్క కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుని నవ్వారు. "ముగ్గురూ పాసే. ఒక్క మాటలో ఇంతమంది కాపురం ఉంటున్నారు, చూడండి" అన్నారు.

ఇక వెనక గది సంగతి. అందులో సెల్వం ఉండేవాడు. శ్రీలంక తమిళుడు. అక్కడ యుద్ధం అయిపోయిన తర్వాత కూడా రాత్రిళ్ళు ఇంటికొచ్చి మనుషుల్ని తీసుకుపోతుంటే, అన్నను అట్లాగే పోగొట్టుకుని, పడవెక్కి ఈ దేశం వచ్చాడు. రాగానే చేతులెత్తి, నన్ను కాపాడండి అని అడిగాడు. మొదట శిబిరంలో పెట్టారు, తర్వాత బయటికి వదిలారు. అప్పటినుంచి చిన్న చిన్న గడువుల వీసాల మీద బతుకు. చివరకు కాదు పొమ్మన్నారు. ఉచితంగా వాదించే ఒక లాయరమ్మ కోర్టుకు వెళ్ళింది. కోర్టు కాగితాలన్నీ మా హాలు అడ్రసుకే వస్తాయి. ఆ లాయరమ్మ అతనికి మరీ మరీ చెప్పింది: అడ్రసు మారి వాయిదా కాగితం అందలేదో, నీ మాట వినకుండానే ఫైలు మూసేస్తారు. అందుకే ఆ గది అతనికి పడుకునే చోటు మాత్రమే కాదు.

ఊరికే ఉండటం ఇష్టంలేక సెల్వం ముందున్న గడ్డి కోసేవాడు, కుర్చీలు వేసేవాడు. మా తెలుగు సగం నేర్చాడు. రూతమ్మ టీచర్ అతనితో పాటు నన్నూ కూర్చోబెట్టి వార్తలు చదివి చెప్పేవారు. ఐరోపా సముద్రాల మీద పడవలను ఒడ్డుకు రానీయకుండా వెనక్కి నెడుతున్నారని, కంచెల దగ్గర జనాన్ని వాళ్ళ మాటైనా వినకుండా తరుముతున్నారని చదివిన రోజు ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఉండనిస్తావా లేదా అన్నది తర్వాత సంగతి మేస్త్రీగారూ. ముందు గడప దగ్గర నిలబడి అడగనివ్వాలి గదా. అది కూడా వద్దంటే ఇక మనిషి నోరెందుకు?" అన్నారు.

జూన్ ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం సెక్రటరీ జాన్సన్ ఒక కాగితం పట్టుకుని లేచాడు. కంప్యూటర్ ఉద్యోగం, నెమ్మదైన కుర్రాడు. నాకు మంచివాడే.

"అందరికీ ఒక్క విషయం. సెల్వం బ్రదర్ వీసా రిజెక్ట్ అయింది, కేస్ కోర్టులో ఉంది. ఇలాంటి టైమ్‌లో మన ప్రాపర్టీలో ఉంచుకోవడం రిస్క్. నెలాఖరుకి రూమ్ ఖాళీ చేయమందాం. పర్సనల్‌గా ఏం లేదు. కానీ మనమంతా లైన్లో నిలబడి, పేపర్స్ పెట్టుకుని వచ్చాం. మా తమ్ముడు ఇక్కడ సెటిల్ అవ్వడానికి పెట్టిన పీఆర్ ఫైల్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. రేపు దానికేమైనా అయితే?"

అతని భయం అబద్ధం కాదు. చాలామంది తలలు కిందికి దించుకున్నారు. వంటగది తలుపు దగ్గర టీ కప్పుల పళ్ళెం పట్టుకుని సెల్వం నిలబడి ఉన్నాడు. "టీచర్, వద్దు. నేను పోతాను. నో ప్రాబ్లం" అన్నాడు.

రూతమ్మ టీచర్ లేచారు. "ముందు ఆ పళ్ళెం కింద పెట్టి కుర్చీలో కూర్చో నాయనా. నీ సంగతి నిన్నడక్కుండానే మాట్లాడుకుంటున్నాం, మొదటి తప్పు అక్కడే ఉంది." సెల్వం కూర్చునేదాకా ఆగారు. తర్వాత జాన్సన్ వైపు తిరిగారు.

"జాన్సనూ, నీ లైను గుంటూరులో మొదలైంది. ఇంటర్నెట్ సెంటర్లో, ఫ్యాను కింద. ఇతని ఊళ్ళో ఏ కిటికీ దగ్గర మొదలవుద్దో చెప్పు. ఎవరి దగ్గర నిలబడాల? అన్నను తీసుకుపోయినోళ్ళ దగ్గరా?"

"ఆంటీ, నేను అలా అనలేదు…"

"నువ్వు అనలేదులే. ఎట్లా వచ్చాడని గాక ఎందుకొచ్చాడని వినాలి, వినకుండా తిప్పి పంపకూడదు. శరణార్థుల ఒప్పందంలో ఈ దేశం ఆ మాటకు ఒప్పుకుని సంతకం చేసింది. ఉండాలా వద్దా అన్నది కోర్టు తేలుస్తుంది. దాని పని మనకెందుకు? అతను అడగొచ్చా లేదా, మన ముందున్నది అదొక్కటే. ఆ అడ్రసు తీసేస్తే అడిగే నోరు మూసినట్టే. నీ తమ్ముడూ ఈ దేశాన్ని అడుగుతూనే ఉన్నాడు గదా? విమానం దిగి అడిగాడు. ఇతను పడవ దిగి అడిగాడు."

ముందు రోజు క్లాసులో మళ్ళీ దిద్దించిన మాట బల్ల మీద అట్లాగే ఉంది. టీచర్ దాని వైపు చెయ్యి చూపించి, "మేస్త్రీగారూ, చదవండి" అన్నారు.

నేను చదవటం నేర్చుకుంటున్నట్టు సునీతకూ సెల్వానికీ తప్ప సంఘంలో పెద్దవాళ్ళకు ఎవరికీ తెలియదు. లేచాను. "అడుగు" అన్నాను, ఈసారి కూడబలుక్కోకుండానే.

"అర్థం?"

"పన్నెండంగుళాలు."

అలవాటుకొద్దీ వచ్చేసింది. హాలంతా గొల్లుమంది. జాన్సన్ కూడా నవ్వాడు. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న గాలి కదిలింది.

"ఇంకో అర్థం?"

"కాలు ముందుకు వెయ్యటం."

"ఇంకోటి?"

"నోరు తెరిచి అడగటం."

"విన్నారుగా. అడుగు పెట్టినవాడు అడుగుతాడు. మన భాషలో రెంటికీ మాట ఒకటే. విడదియ్యాలంటే మీరు వేరే భాష చూసుకోండి" అని ఆవిడ కూర్చున్నారు.

నాకూ ఒక మాట వచ్చింది, అనేశాను. "జాన్సన్ బాబూ, నా జన్మలో నేను చాలా ఇళ్ళు కట్టినా. తలుపు ఎక్కడ పెట్టాలో పోట్లాడినోళ్ళు ఉన్నారు, ఎంత గట్టిది పెట్టాలో పోట్లాడినోళ్ళు ఉన్నారు. తలుపే వద్దు, అంతా గోడే కట్టు అన్నోడు ఒక్కడూ లేడు."

"అంకుల్, మీరు కూడానా!" అన్నాడు జాన్సన్. చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. కోర్టు తేల్చేదాకా రూమ్ సంగతి ఎత్తను. ఎవరికైనా అబ్జెక్షన్ ఉంటే ఇప్పుడే చెప్పండి." ఎవరూ చెప్పలేదు.

వాయిదా కాగితం ఆ అడ్రసుకే వచ్చింది, సెల్వం చేతికే అందింది. సిటీలో పార్కింగ్ దొరకదని గొణుగుతూ జాన్సనే తన కారులో కోర్టుకు తీసుకుపోయాడు. మొదటిసారి అతని మాట సరిగా వినలేదు, మళ్ళీ మొదటినుంచి వినండి అని కోర్టు ఆ ఫైలును వీసా కాదన్నవాళ్ళ దగ్గరకే పంపించింది. ఇంకా తేలలేదు. కానీ ఎవరూ అతన్ని తిప్పి పంపలేదు, అతనూ అడగటం మానలేదు. జాన్సన్ తమ్ముడికి పీఆర్ వచ్చింది, దానికేమీ కాలేదు.

పోయిన చలికాలంలో రూతమ్మ టీచర్ కన్నుమూశారు. సమాధి ఫలకం చెక్కే ముందు వాళ్ళబ్బాయి నమూనా ఫోన్లో పంపి, అంకుల్ ఒకసారి చూడండి, నాకు తెలుగు అంతగా రాదు అన్నాడు. చూశాను. "రుతమ్మ" అని ఉంది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను: "బాబూ, మీ అమ్మ పేరు పొట్టిది కాదు. రూ, దీర్ఘం పెట్టించు." దిద్దించాడు. తప్పు చెక్కితే లేచి దిద్దుకోవటానికి అన్నారు ఆవిడ. లేవాల్సిన పని లేకుండా నేనే చూసుకున్నాను.

ఇప్పుడు నేను పేపరు చదువుతాను, నిదానంగా. పడవ బొమ్మ వేసి ఇంతమంది వచ్చిపడ్డారు అని రాసిన చోట ఆగి, వాళ్ళను ఎవరైనా అడగనిచ్చారా లేదా అని వెతుకుతాను. రాసి ఉండకపోతే సునీతనో జాన్సన్‌నో పట్టుకుని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. ఒక దేశం గట్టిదో కాదో దాని కంచె చూసి చెప్పరు, గడప దగ్గర నిలబడ్డవాడి మాట పూర్తిగా వింటుందా లేదా చూసి చెబుతారు. ఇది నాకు నేర్పింది ఆవిడ. ఇందులో నాకు అనుమానం లేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళ పేర్లు నా చేత్తో నేనే రాస్తున్నాను, ఒక్క దీర్ఘం కూడా తప్పిపోకుండా. రూతమ్మ టీచర్. వాళ్ళబ్బాయి ప్రకాశ్. జాన్సన్, అతని భార్య షారోన్. పాటలు పాడించే కరుణమ్మ. పాస్టర్ దానియేలు గారు. మా అమ్మాయి సునీత, మనవరాలు హన్నా. నేను, తాపీ మేస్త్రీ ఏసురత్నం. ఇంకా సెల్వం. తలుపు దగ్గర నిలబడి కాదు, మా మధ్య కుర్చీలో కూర్చుని.