నూట పన్నెండు గదులకు నూట పన్నెండు చరిత్రలు

మా బాబాయి ఏ సంగతైనా రెండోసారి అదే విధంగా చెప్పగా విన్న మనిషి లేడు. మామూలు మనిషిలో అయితే అది చిన్న లోపం. కొండ మీద నూట పన్నెండు గదుల హోటల్లో, వచ్చినవాళ్ళకు ఆ హోటల్ చరిత్ర చెప్పడమే ఉద్యోగమైన మనిషిలో దాన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను అక్కడే రిసెప్షన్‌లో కూర్చునేవాణ్ణి. ఆయన చెప్పిన చరిత్రలన్నీ చివరికి నా బల్ల మీదే వచ్చి పడేవి.

"ఏమండీ, ఈ హోటల్ కట్టింది ఓ సైనికుడే కదా?" అని ఒకాయన.

"సైనికుడేంటండీ, డాన్స్ నేర్పే ఆవిడ కట్టించింది. లేకపోతే అంత పెద్ద హాలెందుకు?" అని పక్కనున్నావిడ.

"మాకు పళ్ళ డాక్టరన్నాడే!" అని మెట్ల మీంచి మూడో గొంతు.

ముగ్గురూ నా వైపు చూసేవారు. నేను కిటికీలోంచి పొగమంచు వైపు చూసేవాణ్ణి.

"బాబాయ్, అసలు కట్టిందెవరు?" అని ఓసారి నిలదీశాను.

"ఎవరో ఒకరు కట్టకపోతే నువ్వెక్కడ కూర్చున్నావురా?" అన్నాడు. నాకు ఉన్న మతి కూడా పోయింది.

ఇలా ఉండగా హోటల్‌కు నూరేళ్ళు నిండాయి. పురాతన కట్టడంగా గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి ముగ్గురు పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. గుర్తింపు రాకపోతే పాత భవనం పడగొట్టి గాజు మేడ లేపాలని యజమానురాలి తమ్ముళ్ళు కాచుకుని ఉన్నారు. ఆవిడ బాబాయిని పిలిచి చేతులు జోడించింది.

"బాబాయిగారూ, ఒక్క పూట. ఒకే ఒక్క చరిత్ర. ఈ కాగితంలో ఉన్నదే చెప్పండి."

"మీరు చెప్పాక తిరుగుందామ్మా?"

కాగితంలో ఉన్నది కలప వ్యాపారి కథ. విడవని దగ్గుతో కొండెక్కాడు, దగ్గు తగ్గింది, ఆ సంబరంలో హోటల్ కట్టాడు. బాబాయి మూడు రోజులు బట్టీ పట్టాడు. అద్దం ముందు దగ్గి మరీ సాధన చేశాడు.

ఆ రోజు అంతా సవ్యంగానే మొదలైంది. కలప, దగ్గు, కొండగాలి, టేకు మెట్లు. వచ్చిన ముగ్గురిలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంటూ రాసుకుంటోంది. యజమానురాలు అప్పుడే ఊపిరి పీల్చుకుంది.

అంతలో గుమ్మం దగ్గర ఓ ముసలి జంట కనిపించింది. పెళ్ళిరోజని కూతురు వాళ్ళకు గది తీసిపెట్టింది. ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని, తివాచీ అంచున నిలబడిపోయారు.

"ఇది మనలాంటోళ్ళ చోటు కాదే. పద, బస్సు ఇంకా ఉంటుంది," అంటున్నాడు ముసలాయన.

బాబాయి టేకు మెట్ల కథ మధ్యలో ఆగిపోయాడు. "ఏం పని చేస్తారండీ తమరు?"

"టైలర్నండీ..."

బాబాయి గిర్రున పెద్దల వైపు తిరిగాడు. "ఈ హోటల్ కట్టినాయన ఉన్నాడే, ఆయన అసలు టైలరు!"

పెద్దావిడ కలం ఆగింది. "ఇప్పుడే కలప వ్యాపారి అన్నారు?"

"కలప తర్వాతండీ. ముందు టైలరే. ఈ తెరలు ఆయన కుట్టినవే. తొలిరోజు సరిగ్గా ఈ గుమ్మంలోనే చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. సొంత హోటల్లో అడుగెయ్యడానికి భయం!"

యజమానురాలు దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ముసలాయన మాత్రం తివాచీ దాటి, తెర అంచు తిప్పి చూశాడు. "చేతికుట్టేనే! ఘనంగా కుట్టాడు," అని భార్యను పిలిచాడు. ఆవిడ చెప్పులు వేసుకుని దర్జాగా లోపలికొచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు. సైనికుడి కథ విన్నాయన రిటైరైన జవాను. డాన్స్ కథ విన్నావిడ డాన్స్ టీచరు. పదకొండేళ్ళుగా రిజిస్టర్‌లో ‘వృత్తి’ అన్న గడి నా చేత్తో నేనే నింపుతున్నాను!

పెద్దావిడ పుస్తకం మూసి, మిగతా ఇద్దరికీ వినపడకుండా బాబాయితో అంది.

"మా అమ్మ బళ్ళో గంట కొట్టేదండీ..."

"అయ్యో, ఆ తల్లి సంగతి చెప్పకుండా మిమ్మల్ని పంపిస్తానా? ఇటు రండి!" అంటూ బాబాయి ముందుకు నడిచాడు.

నెల తిరక్కుండా గుర్తింపు పత్రం వచ్చింది. ‘నిర్మాత’ అన్నచోట ఇలా ఉంది: "ఇంకా తేలలేదు."